పాత సిస్టమ్‌కి దాళ్వా

మండపేట వైపు ఒక రైస్ మిల్లు కాటా గది. బల్ల మీద సీపీయూ, తవుడు దుమ్ము పట్టి దాని అసలు రంగేమిటో చెప్పడం కష్టం. పైన మడతపెట్టిన తువ్వాలు, పక్కన డాట్ మాట్రిక్స్ ప్రింటర్. ధాన్యం ట్రాక్టర్ కాటా ఎక్కగానే తెర మీద అంకెలు కాసేపు ఊగి నిలబడతాయి. గుమస్తా బండి నంబరు కొడతాడు, ప్రింటర్ కరకరమంటూ స్లిప్పు బయటికి తోస్తుంది. తెర మీద ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. దాని బాగోగులు చూడటం మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో మానేసింది. ఆ సంగతి కాటాకి పట్టదు, గుమస్తాకి అక్కర్లేదు.

ఇలాంటి పెట్టెని చూస్తే ఎవరికైనా దీన్ని తీసేసి కొత్తది పెట్టకూడదా అనిపిస్తుంది. పెడతారు కూడా. వారం తిరక్కుండా పాతది మళ్లీ బల్ల ఎక్కుతుంది. ఎందుకంటే కాటా ఇండికేటర్ బరువుని పంపేది తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు గుండా. సెకనుకి 2400 బిట్లో 9600 బిట్లో చాలు దానికి. కొత్త సిస్టమ్‌లకి ఆ పోర్టు సాధారణంగా ఉండదు. యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే తీగ చవగ్గానే దొరుకుతుంది గానీ, అందులో ప్రోలిఫిక్ చిప్‌కి నకలు ఉంటే కొత్త డ్రైవర్ దాన్ని పసిగట్టి పనిచేయనివ్వదు. బరువు తెర మీదికి రాదు, ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరతాయి.

కాబట్టి గోదావరి డెల్టాలో పాత డెస్క్‌టాప్ లెక్క తేల్చేటప్పుడు ఎన్ని జీబీలు, ఎంత స్పీడు అన్నది తర్వాతి మాట. ముందు పెట్టెని వెనక్కి తిప్పి, దానికి ఏమేం తగిలించి ఉన్నాయో చూడాలి. కాటా, ప్రింటర్, వేలిముద్రల యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్, లోపల తెలుగు టైపుకి వాడే అను ఫాంట్లు. ఆ యంత్రానికి రెండో పంట ఉందో లేదో చెప్పేవి ఇవే. కాలవ కింద చేలన్నిటికీ ప్రతి ఏడూ దాళ్వా, అంటే రెండో పంట, నీళ్లు రావు, ఏ ఆయకట్టుకి ఇస్తారో తేలాకే రైతు నారుమడి సంగతి చూస్తాడు. పాత సిస్టమ్ మీద డబ్బు పెట్టేటప్పుడు ఆ పాటి ఆరా కూడా ఉండదు. సర్వీసు కుర్రాడు ర్యామ్ వేయమంటే ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు వేయమంటే గ్రాఫిక్స్ కార్డు.

అక్టోబరు 14 తెచ్చిన కంగారు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇళ్లల్లో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబరు 13 దాకా ఈఎస్‌యూ పేరుతో ఒక పొడిగింపు ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్‌కి ఒప్పుకుంటే దానికి డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ 11 రాజమార్గాన ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరస, లేదా ఆ తర్వాతి ప్రాసెసర్లు ఉండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. ఎనిమిదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వచ్చిందే 2017 అక్టోబరులో. ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లల కోసం అమలాపురంలోనో భీమవరంలోనో 2011-14 మధ్య కొన్న సిస్టమ్‌లు విప్పితే తరచు కనిపించేది హెచ్61 రకం మదర్‌బోర్డు, దాని మీద రెండో తరమో మూడో తరమో ఐ3. వీటికి ఆ గేటు తెరుచుకోదు.

దొడ్డిదారిన 11 ఎక్కించి ఇచ్చే షాపులు ఉన్నాయి. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ దగ్గర మళ్లీ అదే తంతు. ఇంకా పాతదైన కోర్ 2 డ్యుయోకి ఆ దొడ్డిదారీ మూసుకుపోయింది. 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే చిన్న ఆదేశం లేకపోతే విండోస్ అసలు బూటే కాదు, కోర్ 2 వరసలో అది లేదు. అంటే కోర్ 2 కూర్చునే జీ31, జీ41 బోర్డుల మీద ఎవరైనా "11 వేసి ఇస్తాం" అంటే, ఏదో పాత వెర్షన్ వేసి అక్కడితో వదిలేస్తున్నారని అర్థం.

అప్‌డేట్లు ఆగిన యంత్రం ఆ రోజే పడిపోదు. బ్యాంకు పనులు, ఆధార్ పనులు చేసే సిస్టమ్‌కి అది నిజమైన ప్రమాదం. ప్రతి కొత్త లొసుగూ దానికి తెరిచి పెట్టిన తలుపే. నెట్ తీగ పీకేసిన కాటా సిస్టమ్‌కి మాత్రం క్యాలెండర్‌లో ఆ తేదీ ఉన్నా లేనట్టే. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి "పాతవన్నీ మార్చేయాలి" అనే మాట అమ్మేవాడికి లాభం, కొనేవాడికి కాదు.

పెట్టిన రూపాయి తిరిగి ఊడదీసుకునేలా

పాత పెట్టె మీద పెట్టే డబ్బుకి ఒక్క షరతు సరిపోతుంది. కొన్న వస్తువుని రేపు విప్పుకుని వేరే పెట్టెలోకి పట్టుకుపోగలగాలి. ఎస్ఎస్‌డీ, యూపీఎస్, మానిటర్, మంచి కీబోర్డు ఈ షరతుకి నిలబడతాయి. డీడీఆర్2 ర్యామ్, పాత సాకెట్ ప్రాసెసర్, మార్కెట్లో మిగిలిపోయిన పాత బోర్డు నిలబడవు. అవి ఆ పెట్టెతో పాటే కాటికి పోతాయి.

ఎస్ఎస్‌డీ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పాత సిస్టమ్ నత్తనడకకి అసలు కారణం అక్కడే ఉంది. హార్డ్ డిస్క్ మీద విండోస్ 10 పడిన సిస్టమ్‌ని ఆన్ చేసి, తెర వచ్చాక టాస్క్ మేనేజర్ తెరిస్తే కథంతా కనబడుతుంది. సీపీయూ పది పన్నెండు శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది, మెమరీ సగం ఖాళీ. డిస్క్ మాత్రం 100 దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. కింద చదువుతున్న వేగం చూస్తే సెకనుకి ఒకటో రెండో ఎంబీ. నూటికి నూరు శాతం కష్టపడుతూ ఒక ఎంబీ ఏమిటి? అదే డిస్క్ ఒక పెద్ద సినిమా ఫైలుని కాపీ చేసేటప్పుడు సెకనుకి నూరు ఎంబీల దాకా లాగేస్తుంది.

లోపల తిరిగే పళ్లేనిది ఈ మెలిక. నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకి 120. కావలసిన ముక్క సూది కిందికి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి, అది 4 మిల్లీసెకన్ల పైచిలుకు. సూది సరైన గీత మీదికి జరగడానికి మరో 8, 9. మొత్తం 13 అనుకుంటే సెకనుకి డెబ్బై అయిదు, ఎనభై ముక్కల కంటే తేలేదు. ముక్క 4 కేబీ అయితే సెకనుకి మూడొందల కేబీ. సినిమా ఫైలు వరసగా ఒకేచోట ఉంటుంది, సూది జరగక్కర్లేదు. విండోస్ లేచేటప్పుడు చదివేవి వేలాది చిల్లర ముక్కలు, పళ్లెం నలుమూలలా చెదిరినవి. గుమస్తా చురుగ్గానే ఉన్నాడు. కాయితాలు తెచ్చే మనిషి ఒక్కో కాయితానికీ ఊరి చివరిదాకా నడిచి వెళ్లి వస్తున్నాడు.

ఎస్ఎస్‌డీలో తిరిగేది లేదు, జరిగేది లేదు. చవక రకం కూడా సెకనుకి వేల ముక్కలు అందిస్తుంది. అందుకే "మీ బోర్డుకి సాటా 3 లేదండి, ఎస్ఎస్‌డీ వేసినా దండగ" అన్న మాట నమ్మక్కర్లేదు. హెచ్61 బోర్డుకి డిస్క్‌ని తగిలించడానికి ఉన్నది పాత 3 గిగాబిట్ల సాటా పోర్టే, దాని మీద ఎస్ఎస్‌డీ 280 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, నిజమే. కానీ మనల్ని ఇన్నాళ్లూ ఏడిపించింది ఆ పెద్ద అంకె కాదు, చిల్లర ముక్కల లెక్క. అక్కడ తేడా పదుల రెట్ల నుంచి వంద రెట్ల దాకా.

2025 మధ్య దాకా రెండు వేల లోపే దొరికిన 256 జీబీ ఎస్ఎస్‌డీ, ఆ ఏడాది చివర్నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లని ఎగరేసుకుపోవడంతో ప్రియమైంది. అయినా ఈ ఒక్క ఖర్చుకి వచ్చే ఫలితం మరే ఖర్చుకీ రాదు. కొనేటప్పుడు 2.5 అంగుళాల సాటా రకమే అడగాలి. బబుల్ గమ్ పట్టీలా ఉండే ఎం.2 రకానికి పాత బోర్డులో చోటు ఉండదు, కార్డు పెట్టి తగిలించినా దాని నుంచి బూట్ అవడం చాలా పాత బోర్డులకి చేతకాదు. పేరూ ఊరూ లేని 1 టీబీ ఎస్ఎస్‌డీ మరీ చవగ్గా వస్తోందంటే డబ్బా లోపల ఒక మెమరీ కార్డు అతికించి ఉండే అవకాశమూ ఉంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నిండా రాయించి చదివిస్తే గుట్టు బయటపడుతుంది. ఇంకో చిన్న పని, బయోస్‌లో సాటా ఐడీఈ మీద ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చి ఆ తర్వాత విండోస్ వేయాలి. ముందు వేసి తర్వాత మారిస్తే నీలం తెర పలకరిస్తుంది.

పాత హార్డ్ డిస్క్‌ని పారేయక్కర్లేదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో పాడైన ముక్కల లెక్క చెప్పే 05, సీ5 వరసల్లో రా విలువ సున్నా ఉంటే ఫొటోలకీ సినిమాలకీ రెండో డిస్క్‌గా ఉంచుకోవచ్చు. సున్నా కాకపోతే దాన్ని నమ్మి పెళ్లి వీడియో పెట్టకూడదు.

ర్యామ్ గురించి రెండు ముక్కలు. 4 జీబీ ఉంటే 8కి పెంచడం పనికొస్తుంది, అదీ డీడీఆర్3 పాతది చవగ్గా దొరికితేనే. డీడీఆర్2, 3, 4 గాట్లు వేరు వేరు చోట్ల ఉంటాయి, ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. జీ31 బోర్డు 4 జీబీ దాటి తీసుకోదు, దాని మీద ఖర్చు పెట్టకపోవడమే ఖర్చు. "4 వేసినా 3.25 చూపిస్తోందండి" అన్న ఫిర్యాదు ర్యామ్ తప్పు కాదు, 32 బిట్ విండోస్ హద్దు. ప్రాసెసర్ మార్చడం, జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు తగిలించడం మోజు పనులు.

ఎస్ఎస్‌డీకి మించి ఖర్చు పెట్టే ఆలోచన ఉంటే, ఆ డబ్బుకి ఇంకొంత కలిపి కార్పొరేట్ ఆఫీసుల నుంచి విడుదలైన రిఫర్బిష్డ్ పెట్టె చూడటం మేలు. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ రకాలు సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్ల నుంచి ఇటు వస్తుంటాయి. గట్టి పెట్టెలే. కాకపోతే వాటిలో చాలావాటి పవర్ ప్లగ్గులు ఆ కంపెనీ సొంత కొలతలు, మామూలు 24 పిన్నుల ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా, కుదరదు. రాజోలులో అది కాలిపోతే వీధి చివర షాపులో దొరకదు.

చెమ్మ, ఉప్పు, బల్లి

"బోర్డు పోయిందండి."

"ఆయ్, మొన్నటిదాకా బానే ఉందండి."

"వర్షాలకి చెమ్మ పట్టేసిందండి. కొత్తది చూసుకోండి మరి."

శ్రావణ భాద్రపదాల్లో డెల్టా సర్వీసు షాపుల్లో ఈ సంభాషణ రోజూ వినిపించేదే. ఇందులో చెమ్మ మాట నిజం, బోర్డు మాట చాలాసార్లు కాదు. అంతర్వేది, నరసాపురం, ఓడలరేవు వైపు గాలిలో తేమతో పాటు ఉప్పు ఉంటుంది. రొయ్యల చెరువుల మధ్య షెడ్డులో పెట్టిన సిస్టమ్ సంగతి చెప్పక్కర్లేదు. ర్యామ్ అంచున బంగారు రంగు పళ్ల మీద సన్నటి పొర కడుతుంది. ఆన్ చేస్తే తెర నల్లగా ఉండి, లోపల నుంచి బీప్, బీప్, బీప్. యంత్రం తన భాషలో ర్యామ్ అందడం లేదని చెబుతోంది. కరెంటు తీగ పీకి, ర్యామ్ విప్పి, ఆ పళ్లని బడిపిల్లల పెన్సిల్ రబ్బరుతో సుతారంగా రుద్ది, పొడి దులిపి మళ్లీ దిగ్గొట్టి చూడటం మొదటి వైద్యం. రెండోది, బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ. అది నీరసిస్తే గడియారం పాత ఏడాదికి వెళ్లిపోతుంది. తేదీ తప్పితే బ్రౌజర్ ప్రతి బ్యాంకు సైటునీ "సురక్షితం కాదు" అంటుంది. జనం వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టిస్తారు. ఫార్మాట్ ఖర్చులో పిసరంత కూడా ఉండదు ఆ బ్యాటరీ.

మూత విప్పితే ఇంకా చాలా కనబడతాయి. వెనక స్లాట్ రేకులు ఊడిపోయిన సందులోంచి దూరిన బల్లి పెట్టిన గుడ్లు, ఎస్ఎంపీఎస్ వెచ్చదనానికి చేరిన చీమల పుట్ట, ఫ్యాను రెక్కల మీద మేత ధూళి దిబ్బ. ఎస్ఎంపీఎస్‌లో బల్లి పడి ఠప్‌మన్న కేసులు మెకానిక్కులు కథలు కథలుగా చెబుతారు. ఆ సందులకి రేకు ముక్కో గట్టి టేపో అతికించడం కంటే చవకైన అప్‌గ్రేడ్ లేదు. ప్రాసెసర్ పక్కన నిలబడ్డ చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంటే మాత్రం ఆ బోర్డుకి రోజులు దగ్గరపడ్డాయి. టంకం చేతనైన మనిషి మార్చగలడు గానీ, కాటా సిస్టమ్ లాంటి తప్పనిసరి అవసరానికి తప్ప ఆ శ్రమ గిట్టదు.

ఒక విచిత్రం ఉంది. ఈ నేల మీద రోజూ నడిచే యంత్రమే ఎక్కువ కాలం బతుకుతుంది. నడిచేటప్పుడు పుట్టే వేడి లోపలి చెమ్మని ఆరబెడుతుంది. పిల్లలు హైదరాబాద్ వెళ్లాక దుప్పటి కప్పి మూల పెట్టినదే ముందు తుప్పు పడుతుంది. ఆరేడు నెలల తర్వాత తీసి ఒక్కసారిగా స్విచ్ వేయడం కంటే, మూత విప్పి ఒక పూట ఎండ పొడలో, ఫ్యాను కింద ఆరనిచ్చి వేయడం మంచిది. ఇక సీపీయూని నేల మీద పెట్టే అలవాటు. 2022 జూలై వరదలో కోనసీమ లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ముంపు లేని ఊళ్లో కూడా కొబ్బరి చెట్ల నీడ ఇళ్ల గచ్చు వానాకాలమంతా చెమరుస్తూనే ఉంటుంది. బల్ల మీదికి ఎక్కించాలి, అంతే.

క్యాబినెట్ తాకితే వేళ్లు జివ్వుమనడం ఇంకో మామూలు ఫిర్యాదు. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటుని ఎర్త్‌లోకి వదలాలి. ఎర్త్ తీగ లేకపోతే అది రేకు మీదే నిలిచి, ఇంటి వోల్టేజీలో దాదాపు సగం మీటర్‌లో చూపిస్తుంది. నాలుగడుగులు తవ్వితే తడి తగిలే నేల మనది, ఎర్త్ ఇంత తేలిగ్గా కుదిరే చోటు అరుదు. అయినా చాలా ఇళ్లలో మూడో పిన్నుకి గోడ లోపల తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది వేయించడం కంప్యూటర్ అప్‌గ్రేడ్ కింద ఎవరూ లెక్కేయరు, వేయాలి. తర్వాత యూపీఎస్. 600 వీఏ రకంలో ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, రెండు మూడేళ్లకి మార్చుకోవాలి. ఉరుములప్పుడు ప్లగ్గుతో పాటు నెట్ తీగ కూడా పీకాలి. పిడుగు కరెంటు తీగ వెంటే రావాలని లేదు.

లైనక్స్ ఎవరికి, ఎవరికి కాదు

హెచ్61 తరం సిస్టమ్‌కి ఎస్ఎస్‌డీ వేశాక, విండోస్ 10 వదిలి ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ వేసుకుంటే 22వ వెర్షన్‌కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. 2 జీబీ ర్యామ్‌తో లేస్తుంది, 4 ఉంటే హాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులో ఎంచుకోవడమే తరువాయి. ఆన్‌లైన్ క్లాసులు, పరీక్షల దరఖాస్తులు, లిబ్రేఆఫీస్‌లో లెక్కలు, ఇంట్లో పిల్లల చదువు, వీటికి ఇంతకంటే అక్కర్లేదు. 32 బిట్ ప్రాసెసర్లకి మాత్రం ఈ దారి సన్నబడిపోయింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపేసింది.

యూట్యూబ్ ఆగి ఆగి ఆడుతోందన్న బాధకి మందు లైనక్సూ కాదు, ర్యామూ కాదు. యూట్యూబ్ ఇప్పుడు వీడియోని పంపేది ఎక్కువగా వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో. ఇంటెల్‌లో వీపీ9ని చిప్‌లోనే పూర్తిగా విప్పే ఏర్పాటు ఏడో తరంతో వచ్చింది. అంతకు ముందువి ఆ భారాన్ని చాలావరకు ప్రాసెసర్ మీద వేసుకుని రొప్పుతాయి. బ్రౌజర్‌కి హెచ్264ఫై లాంటి చిన్న ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే యూట్యూబ్ పాత హెచ్.264 పద్ధతిలో పంపుతుంది. దాన్ని విప్పడం రెండో తరం ఐ3కి చిప్‌లోనే వచ్చు.

లైనక్స్ పొరపాటున కూడా వేయకూడని వాళ్లు ఎవరంటే, మీసేవ తరహా పనులు చేసేవాళ్లు. వేలిముద్రల యంత్రాలకి కావలసిన ఆర్‌డీ సర్వీసు అనే సాఫ్ట్‌వేర్ ప్రధానంగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే వస్తుంది. ట్యాలీలో జమాఖర్చు రాసే మిల్లులు, మేతల డీలర్లు కూడా ఇదే కోవ. ఇక కేనన్ ఎల్‌బీపీ 2900, జిరాక్స్ సెంటర్లలో విరివిగా కనిపించే ఆ చిన్న లేజర్ ప్రింటర్, లైనక్స్‌లో నానా తంటాలు పెడుతుంది. ప్రింటర్ పేరు అడక్కుండా లైనక్స్ సలహా ఇచ్చేవాళ్ల మాట వినకూడదు.

డీటీపీ షాపులది వేరే లోకం. పెళ్లిళ్ల సీజన్‌లో పాలకొల్లు, అమలాపురం ప్రెస్సుల్లో శుభలేఖలు ఇప్పటికీ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతో తయారవుతుంటాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, తర్వాత చిన్న సవరణలు తప్ప పెద్ద వెర్షన్ రాలేదు. ఆపరేటర్ వేళ్లకి అలవాటైన కీబోర్డు, ఇరవై ఏళ్లుగా పేరుకున్న డిజైన్లు, అన్నీ ఆ పెట్టెలోనే. చిక్కేమిటంటే అను యూనికోడ్ కాదు. అందులో "చి.ల.సౌ." అని కొట్టినది కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు పడతాయి. తెలుగు కనిపించేది ఆ ఫాంటు ఉన్న చోటే. కాబట్టి డీటీపీ పెట్టెకి రెండో పంట అంటే వేగం పెంచడం కాదు. నెట్ నుంచి విడదీసి ఎక్స్‌పీతోనో 7తోనో అలాగే నడవనిస్తూ, పక్కనున్న కొత్త సిస్టమ్‌లోకి పాత ఫైళ్లని పీడీఎఫ్‌లుగా, మళ్లీ మళ్లీ వాడే మేటర్‌ని యూనికోడ్‌గా మార్చుకుంటూ పోవడం. బోర్డు చచ్చాక ఈ పని మొదలెట్టడం కుదరదు.

ఆ నెట్ లేని పెట్టెకి కూడా రోగం పెన్‌డ్రైవ్ మీద వస్తుంది. కస్టమర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ గుచ్చితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉండటం జిరాక్స్ సెంటర్లకి పాత అనుభవమే. ఎందుకూ పనికిరాదనుకున్న కోర్ 2 డ్యుయో పెట్టెకి బహుశా అన్నిటికంటే మంచి ఉద్యోగం ఇక్కడుంది. తేలికపాటి 64 బిట్ లైనక్స్ వేసి కౌంటర్ మీద పెట్టి, బయటి పెన్‌డ్రైవ్‌లు ముందు దానికే గుచ్చాలి. విండోస్ కోసం రాసిన షార్ట్‌కట్ వైరస్ అక్కడ పేలదు, దాచిపెట్టిన అసలు ఫైళ్లు కూడా మామూలుగా కనిపిస్తాయి. కావలసిన ఒక్క ఫైలు మాత్రం తీసి, షాపు సొంత పెన్‌డ్రైవ్‌లో లోపలి సిస్టమ్‌కి పంపాలి.

గ్రంథాలయాలకి, బడులకి ఇంకో వాడుక. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మొత్తాన్నీ నెట్ లేకుండా చదువుకోవచ్చు. అది ఒక మామూలు పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. తుపాను వచ్చి టవర్లు పడుకున్న వారంలో కూడా, జనరేటర్ ఉంటే చాలు, తెరుచుకుంటుంది.

పాత డెస్క్‌టాప్‌ని రాత్రింబగళ్లు నడిచే సర్వర్‌గానో సీసీ కెమెరాల రికార్డర్‌గానో మార్చమనే సలహా మాత్రం కాయితం మీదే బాగుంటుంది. అలాంటి పెట్టె 80 వాట్లు తింటుందనుకుంటే రోజంతా నడిస్తే నెలకి 57 యూనిట్ల పైమాట. మన కరెంటు బిల్లు శ్లాబుల లెక్క, ఇంటి వాడకం మీద అదనంగా చేరే ఆ 57 యూనిట్లకి పడేది పై శ్లాబు ధర. కొద్ది వాట్లతో నడిచే చిన్న డబ్బా కొనుక్కున్నా కొన్నాళ్లకి ఆ తేడాలో దాని ధర రాలిపోతుంది. రోజుకి నాలుగైదు గంటల పనికే పాత పెట్టె.

ఏ పనికీ కుదరనిది పాత ఇనుప సామాన్ల బండికి వెళ్లేముందు డిస్క్ విప్పుకోవాలి. క్విక్ ఫార్మాట్ చెరిపేది విషయసూచికనే, లోపలి ఆధార్ కాపీలు, పాస్‌బుక్ స్కాన్లు అలాగే ఉంటాయి. డిస్క్‌పార్ట్‌లో "క్లీన్ ఆల్" కొట్టి హార్డ్ డిస్క్ మొత్తాన్ని సున్నాలతో నింపితే సరిపోతుంది. పాత గాజు మానిటర్ ఉంటే పగలగొట్టనివ్వకూడదు, ఆ గాజులో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇవి వెళ్లాల్సింది రిజిస్టరైన రీసైక్లర్ దగ్గరికి. ఎస్ఎస్‌డీ, యూపీఎస్, పీఎస్2 తీగ ఉన్నా సరే టీవీఎస్ గోల్డ్ కీబోర్డు, ఇంట్లోనే ఉంచుకోవాలి.

ఇక కాటా సిస్టమ్. దాని సాఫ్ట్‌వేర్ సీడీ ఎప్పుడో పోయి ఉంటుంది, వేసినతను ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు, ఎక్స్‌పీ పడిన డిస్క్ మాత్రం రోజూ తిరుగుతోంది. మిల్లుకి సెలవున్న రోజు చూసి క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ డిస్క్‌ని అచ్చు గుద్దినట్టు రెండో డిస్క్‌కి దింపాలి. పాత రకం వెడల్పాటి తీగతో తగిలే ఐడీఈ డిస్క్ అయితే దానికి తగ్గ కన్వర్టర్ ముందే తెప్పించుకోవాలి. దింపిన డిస్క్‌ని ఒకసారి తగిలించి, ఖాళీ ట్రాక్టర్ ఎక్కించి, స్లిప్పు వస్తోందో లేదో చూడాలి. వస్తే పాతది విప్పి, ఒక జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లంతో పెట్టి, తేదీ రాసి, బీరువాలో పడేయాలి. కొత్త డిస్క్‌తోనే సోమవారం కాటా మొదలవుతుంది.